ఏడాది ముద్ద

పార్వతి చిన్న వెండి గిన్నెలోకి కాస్త అన్నం తీసి, గరిటె వెనక భాగంతో మెత్తగా మెదిపింది. పెసరకట్టు పోసి, నెయ్యి ఒక్క చుక్క వేసి కలిపింది. మంచినీళ్ళ చెంబు కావాలనే వంటింట్లో వదిలేసి వసారాలోకి నడిచింది. మామగారికి తిండి దగ్గర నీళ్ళు కనపడకూడదు. కనపడితే తాగుతాడు. తాగితే తిన్నదంతా ఒక్కసారిగా జారిపోయి గుండెదడ, చెమటలు, కళ్ళు తిరగడం.

పడకకుర్చీలో ఉన్న దశరథరామయ్య గిన్నె చూసి నిటారుగా కూర్చున్నాడు.

"ఇవాళేంటమ్మాయ్?"

"పెసరకట్టండి మామయ్యగారూ."

"నిన్న సొరకాయ పడలేదు నాకు. పొట్టలో ఒకటే గుడగుడ."

"సొరకాయ కాదండీ. అందులో అత్తయ్య పాలు పోసింది. పాలే పడట్లేదు మీకు. పెరుగైతే ఏమీ చెయ్యట్లేదుగా."

ఆయన తలూపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. ఆయన నములుతున్నంతసేపూ ఇంట్లో రేడియో పెట్టరు. పనిమనిషి అంట్లు తోమదు. కడుపులో పుండుకి బెజవాడలో ఆపరేషను చేసి పొట్ట ముప్పాతిక వంతు తీసేసిన దగ్గర్నుంచీ ఆ ఇల్లు ఆయన గిన్నె చుట్టూ తిరుగుతోంది. పొద్దున ఒక ఇడ్లీ. కాసేపాగి ఉడకబెట్టిన గుడ్డు. ఆ తర్వాత ఈ గిన్నెడు మెతుకులు. మళ్ళీ పొద్దు వాలుతుండగా పెరుగన్నం. ములక్కాడ పడదు, వంకాయ తొక్క పడదు, తీపి అసలే పడదు. ఇవన్నీ ఏ డాక్టరూ పూర్తిగా చెప్పలేదు. ఒక్కొక్కటీ పెట్టి, ఆయన మొహం చూసి పార్వతే నేర్చుకుంది.

తిన్నాక ఆయన నవారు మంచం మీద ఎడమపక్కకి తిరిగి పడుకున్నాడు. పార్వతి వసారా తలుపు దగ్గరగా వేసి, వంటింట్లోకి వచ్చి పెద్ద డేగిసా మూత తీసింది.

అది పాలేళ్ళ అన్నం. ముతక బియ్యం. పక్కన పచ్చిపులుసు. పళ్ళెంతో అన్నాన్ని ఒక్కసారిగా తోడుకుని, దొడ్డివాకిట్లోకి వచ్చి, కింద పాలేరు ఏసోబు పట్టుకున్న సత్తు పళ్ళెంలోకి పైనుంచి వదిలింది. తలకాయంత ముద్ద థప్‌మని పడింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ముద్ద అట్లాగే పడుతోంది, దినానికి ఒక్కసారి, పొద్దు నడినెత్తికి వచ్చాక.

ఏసోబు పళ్ళెం తీసుకుని బండి నీడన కూర్చున్నాడు. తిరువూరు చివర ఈ ఇంటివాళ్ళ మామిడితోటకి పొద్దుటి నుంచి పెంట తోలుతున్నాడు. చొక్కా విప్పేశాడు. రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా నిలువుగా గాటు, రెండుపక్కలా కుట్ల గుర్తులు. మామగారికి నూనె రాసేటప్పుడు అత్తగారి వెనక నుంచి పార్వతి చూసిన గాటు కూడా అదే. అదే చోట, అంతే పొడుగు. మామగారిది బెజవాడలో కోశారు, ఇతనిది మిషనాసుపత్రిలో. పోయిన చలికాలంలో. సంక్రాంతి వెళ్ళీ వెళ్ళగానే పనిలోకి వచ్చేశాడు.

నాలుగైదు ముద్దలు తిని ఏసోబు ఆగాడు. అటూ ఇటూ చూసి, మిగిలింది మోదుగాకులో పొట్లం కట్టి, బండిచావిడి చూరులో దోపాడు. చక్రానికి ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. మొహం మామగారి మొహంలాగే తెల్లబారి ఉంది.

పార్వతి చూసింది. చూసి లోపలికి వెళ్ళిపోయింది. పనులున్నాయి.

ఆ సాయంత్రమే పార్వతి మొగుడు అంకారావు చావిట్లో పలుపుతాడు కోసం వెతుకుతూ ఆ పొట్లం పట్టుకున్నాడు.

"ఏంట్రా ఇది?"

"అన్నం అయ్యా."

"అన్నమని కనపడుతోందిలే. ఇక్కడెందుకుందీ అని."

"ఒక్కసారి పట్టట్లేదయ్యా. సగం తిని, మళ్ళీ కాసేపుండి ఇంత, కాసేపుండి ఇంత..."

"మా అన్నం ఇంటికి మోస్తన్నావన్నమాట."

"లేదయ్యా! ఏసుప్రభువు మీద ఒట్టు. నేనే తింటన్నా. డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మ చెప్పిందా! తిన్నాక చక్రానికి ఆనుకుని కునుకు తియ్యమని కూడా చెప్పిందా? పొద్దుటి నుంచి నాలుగు బళ్ళు తోలావంతే. పోయినేడు ఇదే పని ఎంత చేశావురా నువ్వు?"

ఏసోబు తల దించుకున్నాడు. అంకారావు ఆ పొట్లాన్ని గేదెల కుడితి గోలెంలోకి విసిరాడు. ఆకు తేలింది. మెతుకులు మునిగాయి.

రాత్రి వడ్డించేటప్పుడు పార్వతి అంది: "ఏసోబుకీ మామయ్యకీ ఒకటే ఆపరేషనటండీ."

"అయితే?"

"మామయ్యకి ఒక్కసారి పట్టదుగా. వాడికెట్లా పడుతుంది?"

అంకారావు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నిజంగానే ఆశ్చర్యపోయి చూశాడు. "నాన్నకీ వాడికీ పోలికేంటే?" అన్నాడు. అందులో కోపం కూడా లేదు. మరి కాస్త చారు పొయ్యమన్నాడు.

* * *

మర్నాడు ఏసోబు పెళ్ళాం జోజమ్మ వచ్చింది. పత్తికట్టె ఏరి తెచ్చిన మోపు దొడ్లో దించి, పైటతో మొహం తుడుచుకుని వంటింటి గడప అవతల నిలబడింది.

"చిన్నమ్మగోరూ, ఒక మాట."

"చెప్పు."

"ఆ ముద్ద ఉందే, అది ఎక్కువేం వద్దమ్మా. అదే ముద్ద. కాకపోతే మూడు తడవలుగా పెట్టిస్తే చాలు. పొద్దున రాంగానే ఇంత, నడిమికి ఇంత, పొద్దు వాలేటప్పుడు ఇంత. ఇంటికాణ్ణుంచి కట్టిద్దామంటే ఎండకి పాసిపోతంది. పాసింది తిన్నరోజు మనిషి మెలికలు తిరిగిపోతన్నాడు."

"అత్తయ్యతో చెబుతా" అంది పార్వతి.

చెప్పింది. నాగేశ్వరమ్మ అప్పుడు పూర్ణం కోసం శనగపప్పు ఏరుతోంది. మూడో నాటికి ఉగాది.

"బాగుందే! పాలేరుకి మూడు వడ్డనలా? ఇదేమన్నా హోటలా? ఇవాళ వీడికి పెడితే రేపు మామిడితోట కాపలావాడు అడుగుతాడు. ఎల్లుండి పేటంతా ఆకులు పట్టుకుని వరసలో కూర్చుంటుంది."

"అన్నం ఎక్కువేం కాదత్తయ్యా. అదే ముద్ద."

"అన్నం సంగతి కాదే పిచ్చిదానా, వాడికోసం ఈ ఇంటి ఆడది మూడుసార్లు గడప దిగాలా అని." నాగేశ్వరమ్మ ఒక రాయి ఏరి పారేసింది. "అదలా ఉంచు. బూరెలు చేసిన రోజు మీ మామయ్య కంటబడనీకు. పెనుగొలను పెళ్ళిలో సగం బూరె తిన్నందుకే ఏం జరిగిందో మర్చిపోయావా? చెమటలు కారి, నాడి అందక, కారు మాట్లాడి బెజవాడ పరిగెత్తాం. నా పసుపుకుంకాలు ఆ సగం బూరెలో పోయేవి."

పార్వతి శనగపప్పు చేట తీసుకుని బావి దగ్గరికి వెళ్ళింది. పప్పు ఒకసారి కడిగి వంచింది, మళ్ళీ కడిగింది, అక్కర్లేకపోయినా మూడోసారి కూడా కడిగింది. అది కోపమని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. జోజమ్మ దొడ్డిగుమ్మం దగ్గర ఇంకా నిలబడే ఉంది.

"చూద్దాంలే జోజమ్మా" అంది పార్వతి, ఆమె వైపు చూడకుండా.

"అట్టాగేనమ్మా." జోజమ్మ చుట్టకుదురు దులిపి నెత్తిన పెట్టుకుంది. "మీ చేతిలో ఏముందిలే."

ఆ మాట ఎత్తిపొడుపో, జాలో తెలియలేదు. పార్వతికి మాత్రం మొహం మీద కొట్టినట్టయింది.

ఆ ఇంట్లో పాలేరు ఏడాది ఉగాదికి మారుతుంది. కాగితాలూ సాక్ష్యాలూ లేవు. ఇంటివాళ్ళ భోజనాలయ్యాక పాలేరుని దొడ్లో కూర్చోబెట్టి, ఆ ఒక్కరోజూ సత్తు పళ్ళెం కాకుండా అరిటాకు వేస్తారు. అన్నం, పప్పు, పులిహోర, బూరెలు కొసరి కొసరి వడ్డిస్తారు. దాన్నే ఏడాది ముద్ద అంటారు. పాలేరు ఆకు ఊడ్చి తినాలి. "నిండిందా?" అని ఆసామి అడుగుతాడు. "నిండిందయ్యా" అంటే మళ్ళీ ఉగాది దాకా అతను ఆ ఇంటివాడు. ఆకులో వదిలేసి లేస్తే ఇక ఈ ఇల్లు వద్దన్నట్టు. ఎందుకని అడగరు.

పండగ ముందురోజు అంకారావు చావిట్లో అందరూ వినేట్టు అన్నాడు: "పొట్ట లేనోణ్ణి ఏడాదిపాటు ఏం చేసుకుంటాం? అయినా మన పద్ధతి మనం తప్పొద్దు. ఆకు ఊడ్చి తిన్నాడా, ఉంచుకుంటా. లేదా, నెమలి ఊరి వైపు నుంచి ఒకణ్ణి చూసిపెట్టా. గిత్తలా ఉన్నాడు. కూర్చుంటే రెండు పళ్ళేలు ఖాళీ చేస్తాడు."

ఏసోబు ఎద్దుల కాడి మీద చెయ్యేసి నిలబడి విన్నాడు. "అట్టాగేనయ్యా" అన్నాడు.

* * *

ఉగాదినాడు ఎండ దొడ్లోకి నిలువునా దిగాక ఏసోబు వచ్చి కూర్చున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జోజమ్మ దూరంగా గడ్డివామి పక్కన నిలబడింది.

వడ్డన పార్వతిది. ఆకులో గరిటెడు అన్నం పెట్టింది. పప్పు కొంచెం. పులిహోర పిడికెడు. బూరెల బుట్టలోంచి చిన్నది ఒకటి ఏరి ఓ చివర పెట్టింది.

"ఏంటది, పిట్టకి పెట్టినట్టు? ఇటివ్వు!" అంకారావు బుట్ట లాక్కున్నాడు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి పెట్టుకుంటూ పోయాడు. "నెయ్యి పొయ్యవే. పరమాన్నం ఏదీ? ఏడాదికొక్కసారి పెట్టేదానిక్కూడా పిసినారితనమా? తినరా ఏసోబూ, మొహమాటపడకు."

పరమాన్నం పోసేటప్పుడు పార్వతి చెయ్యి వెనక్కి లాగింది. భర్త ఆ చెయ్యి పట్టుకుని గరిటె వంచాడు. బెల్లంపాకం ఆకంతా పారింది.

ఏసోబు ఒక్కసారి తలెత్తి పార్వతిని చూశాడు. తరువాత మరి చూడలేదు. అన్నం కలిపాడు. నమిలాడు. మామగారు నమిలినట్టే, దవడ నొప్పెట్టేంతగా. పులిహోర దగ్గరికొచ్చేసరికి ఊపిరి పైకి పీలుస్తున్నాడు.

"ఎంతసేపురా? పొద్దుగూకిస్తావా?" అన్నాడు అంకారావు.

ఏసోబు వేగం పెంచాడు. బూరెలు నమలడం మానేసి మింగాడు. పరమాన్నం నాలుగువేళ్ళతో ఊడ్చాడు. ఆకు నున్నగా అయింది.

"నిండిందా?"

"నిండిందయ్యా."

ఆకు మడిచి లేచాడు. బండి దాకా నడిచాడు. అక్కడ చక్రం పట్టుకుని ఆగాడు. చొక్కా వీపంతా ఒక్కసారిగా తడిసిపోయింది, ఎవరో బిందెతో పోసినట్టు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి. రొమ్ము మీద చొక్కా గుండెదడకి పైకీ కిందికీ కొట్టుకుంటోంది. జోజమ్మ పరిగెత్తుకొచ్చి పట్టుకుంది.

"పండగపూట తాగొచ్చినట్టున్నాడు" అంది నాగేశ్వరమ్మ.

"తాగడం కాదమ్మా, నాటకం" అన్నాడు అంకారావు. "మెతుకులు లోపలికి పోగానే కూలబడేవాడు పనికొచ్చే మనిషేనా? రేపట్నుంచి రావద్దను."

పార్వతి వసారా వైపు చూసింది. పండగ కళ చూద్దామని మామగారి కుర్చీ పొద్దున్నే దొడ్డివైపుకి తిప్పి ఉంది. ఆయన అంతా చూస్తూనే ఉన్నాడు. ముందుకి వంగి ఉన్నాడు. ఒక అరచెయ్యి తన పొట్ట మీద గట్టిగా నొక్కి పెట్టుకున్నాడు.

"మామయ్యగారూ," అంది పార్వతి. ఆ దొడ్లో అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. "అదేంటో మీకు తెలుసుగా. చెప్పండి."

దశరథరామయ్య చెయ్యి పొట్ట మీద నుంచి తీసేశాడు. "పాలేళ్ళ సంగతి మీ ఆయన చూసుకుంటాడమ్మాయ్. లోపలికెళ్ళు."

నాగేశ్వరమ్మ వచ్చి ఆమె రెక్క పట్టుకుంది.

వంటింట్లో పార్వతి పొయ్యి ముందు నిలబడింది. మామగారి పెరుగన్నం కలిపే వేళయింది. వెండి గిన్నె తోమి బోర్లించి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్ళూ ఆ గిన్నెలో మెతుకు మెదిపిన చెయ్యే ఆ సత్తు పళ్ళెంలో ముద్ద వదిలింది. ఏది పడుతుందో, ఏది పడదో ఈ ఊళ్ళో అందరికంటే తనకి తెలుసు. తెలిసీ సంక్రాంతి నుంచి రోజూ థప్‌మని వదిలింది. ఒళ్ళంతా మండింది.

గిన్నె మళ్ళీ బోర్లించేసింది. అరిటాకు తీసి నీళ్ళు చల్లి తుడిచింది. దాంతో వసారాలోకి వెళ్ళి, మామగారి ముందు పీట వేసి, ఆకు పరిచింది. వెనక్కి వెళ్ళి డేగిసా తెచ్చింది. ముతక అన్నం ముద్ద వేసింది. పప్పు, పులిహోర. బూరెలు పెట్టుకుంటూ పోయింది. నెయ్యి పోసింది. పరమాన్నం వంచింది. ఆకు పక్కనే మంచినీళ్ళ చెంబు పెట్టింది.

"ఇదేంటి?" అన్నాడు దశరథరామయ్య.

"ఏసోబు తిన్నదేనండీ. తినండి."

"పార్వతీ! పిచ్చెక్కిందా నీకు?" నాగేశ్వరమ్మ కేక పెట్టింది. "ఆయన్ని చంపేస్తావా ఏంటి?"

"అతను చచ్చిపోతాడని ఎవరూ అనలేదే అత్తయ్యా ఇందాక."

అతను. ఆ ఇంట్లో ఏసోబుని ఎవరూ అట్లా అనలేదు. పార్వతి కూడా ఆ రోజు దాకా అనలేదు. అంకారావు గడప దాటి విసురుగా వచ్చాడు. చెయ్యెత్తాడు. ఆమె కదల్లేదు. గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది.

"ఆగరా" అన్నాడు దశరథరామయ్య.

ఆయన ఆకు వైపు చూస్తున్నాడు. బూరెల మీద నుంచి నెయ్యి జారి పరమాన్నంలో కలుస్తోంది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. దొడ్లోంచి జోజమ్మ గొంతు వినపడుతోంది, మొగుణ్ణి ఏదో బతిమాలుతున్నట్టు.

"వాణ్ణి ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టమను" అన్నాడు చివరికి, ఎవరివైపూ చూడకుండా. "నీళ్ళు పట్టొద్దు. ఇంకాసేపట్లో దడ తగ్గుతుంది. తర్వాత వొణుకొస్తుంది. అప్పుడు రెండు మెతుకులు పెట్టాలి."

"అంటే మీకు తెలుసు."

ఆయన కాలితో పీటని కొంచెం అవతలికి నెట్టాడు. తరువాత కొడుకుతో అన్నాడు: "నిండిందన్నాడుగా వాడు. ఆకు ఊడ్చాడుగా. ఏడాది కుదిరినట్టే. మాట తప్పితే ఊళ్ళో మన పరువేం కాను?"

పార్వతికి ఊరట కలగలేదు. కోపం ఇంకా పెరిగింది. ఈ ముసలాయన అడ్డం పడింది కూడా మనిషి కోసం కాదు, మాట కోసం. ఆకు అక్కడే వదిలేసి, గడప దిగి చావిట్లోకి వెళ్ళింది.

ఏసోబు అప్పటికే గోనెపట్టా మీద ఎడమపక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. జోజమ్మ పైటతో విసురుతోంది. దగ్గర్లో నీళ్ళ కుండ లేదు.

"నీళ్ళు పట్టొద్దంట..." అని మొదలుపెట్టింది పార్వతి.

"తెలుసమ్మా" అంది జోజమ్మ. "తీపి తినొద్దని కూడా తెలుసు. తెలిసే తిన్నాడు."

విసురుతూనే ఉంది. పార్వతి కాసేపు నిలబడి, ఆ గోనెపట్టా అంచున కూర్చుంది. జోజమ్మ జరగలేదు, కూర్చోమనీ అనలేదు.

* * *

మర్నాడు పొద్దున ఏసోబు వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. ఎద్దులకి చొప్ప వేసి, బండి ఇరుసుకి కందెన రాసుకుంటున్నాడు. అంకారావు పలకరించలేదు. పార్వతితో కూడా నిన్నటి నుంచి మాటల్లేవు. "ఇక వ్యవసాయం కూడా నువ్వే చేయించుకో" అని ఒక్కమాట గోడకి చెప్పినట్టు చెప్పి తోటకి పోయాడు.

పార్వతి వంటింట్లో ఇడ్లీలు దించింది. ఒకటి వెండి గిన్నెలో పెట్టింది. సత్తు పళ్ళెం కడిగి, అందులో డేగిసాలోంచి కొంచెం అన్నం తీసి, గరిటె వెనకతో మెదిపి, చిక్కటి మజ్జిగ కలిపింది. కొంచెమే.

నాగేశ్వరమ్మ పూజగది గుమ్మంలోంచి చూస్తోంది. "నేను బతికుండగా ఈ ఇంట్లో..." అంటూ ఏదో మొదలుపెట్టింది. పూర్తి చెయ్యలేదు.

పార్వతి ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని వసారాలోకి వచ్చింది. పడకకుర్చీలో దశరథరామయ్య నిటారుగా సర్దుకున్నాడు. గిన్నె కోసం చెయ్యి చాపాడు. ఆమె గిన్నెని అరుగు మీద, ఆయన చేతికి అందనంత దూరంలో పెట్టింది. ఆగకుండా మెట్లు దిగి దొడ్లోకి వెళ్ళింది.

పైనుంచి వదల్లేదు. వంగి, పళ్ళెం ఏసోబు చేతిలో పెట్టింది.

అతను పళ్ళెంలోకి చూశాడు. దండం పెట్టలేదు. ఏదో ఒక మాట అంటాడని తను ఎదురుచూస్తోందని పార్వతికి అప్పుడు తెలిసింది, సిగ్గేసింది.

"మిగిలింది నడిమికి పెడతారా అమ్మా?" అన్నాడు.

"పెడతా. పొద్దు వాలేటప్పుడు కూడా."

"చూరులో దాచక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

అతను బండి నీడన కూర్చుని నమలడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. పార్వతి వెనక్కి తిరిగింది. అరుగు మీద ఇడ్లీ చల్లారుతోంది. దశరథరామయ్య చాపిన చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు. ఇంట్లో ఎవర్నీ పిలవలేదు. దొడ్లోకి చూస్తూ, ఆమె వచ్చేదాకా కూర్చున్నాడు.